వాసన పోయిన మన్ను

మొన్న శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వచ్చే బస్సులో నా ముందు సీట్లో ఉన్నావిడ సంచిలోంచి ముల్లంగి తీసి, కొంగుతో తుడిచి, కరకరమని కొరికింది. ఆ తుడవడం కూడా ఒక్క తుడుపే, పసిపిల్ల ముక్కు తుడిచినట్టు. నా ప్రాణం జివ్వుమంది. "కడుక్కుని తినమ్మా" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట ఒక మనిషితో అనీ అనీ నా నాలుక అరిగిపోయింది. ఆ మనిషి పోయింది, మాట మాత్రం నాకు వదిలి పోయింది.

ఆవిడ మా తోటికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నేను అప్ప అనేదాన్ని. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. నేను పిలవగా పిలవగా ఊరంతా ఆవిణ్ణి అప్పనే చేసేసింది. ఆఖరికి మా పాస్టరుగారు కూడా ప్రార్థనలో ఒకసారి నోరు జారి "ప్రభువా, మా అప్పని దీవించు" అన్నారు. ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎక్కడున్నా లేచి వచ్చి "నా పేరెందుకెత్తినావే?" అని దెబ్బలాడగలదు.

పొట్టి మనిషి. చీర మోకాలి కిందకి ఎగ్గట్టి, కొంగు నడుముకి బిగించి, పొద్దున్నే పెరట్లోకి దిగేది. గట్టు మీద చెప్పులు విప్పేది. నేనెంత చెప్పినా ఆ గట్టు దాటి చెప్పుతో అడుగు వెయ్యలేదు. "మందిరంలోకి సెప్పులేసుకెల్తామా? తిండెట్టే నేల మీదకెలా ఎల్తామే?" అనేది. పాదు దగ్గర కూర్చుని చిటికెడు మన్ను తీసి, పొడుం పీల్చినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసేది. తరవాత ఆ వేళ్ళు అలాగే చీరకి రాసుకుని, అదే చేత్తో నడుముకి కట్టుకున్న మూటలోంచి బియ్యం గింజలు తీసి నోట్లో వేసుకునేది. పచ్చిబియ్యం నమలడం ఆవిడకి అలవాటు. అది అలవాటు కాదని, ఒంట్లో రక్తం లేని మనిషికి అలాంటి వింత ఆకళ్ళు పుడతాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర మా ఊరు. అంతా ఇసక. కొంచెం తవ్వితే నీళ్ళు పడతాయి కానీ ఏం వేసినా నేల మింగేస్తుంది. "ఇసక నేలంటే కొత్తల్లుడే. ఎంతెట్టినా కంచం కాళీయే" అనేది అప్ప. పూర్వం ఇంటింటా పశువులుండేవి, పేడకి లోటు లేదు. ఇప్పుడు ఊరంతా వెతికినా గంపెడు పేడ దొరకదు. అలాంటి నేలలో ఆవిడ వంకాయ, తోటకూర, ముల్లంగి, ఉల్లికాడలు పండించేది. వంకాయలు నూనె రాసినట్టు మెరిసేవి. చూసినవాళ్ళు "ఏటెడతన్నావప్పా?" అని అడిగితే నవ్వి, మా మరుగుదొడ్డి వైపు గడ్డం తిప్పి చూపించేది.

ఆ మరుగుదొడ్డి మా రెండు వాటాలకీ కలిపి కట్టింది. వెనక సిమెంటు వరలు దింపి రెండు గోతులు, మధ్యలో చిన్న తొట్టి. కట్టిన మేస్త్రి వెళ్ళేముందు మా ఇద్దర్నీ నిలబెట్టి చెప్పాడు.

"ఒకటి నిండినాక దాని దారి మూసేసి రెండోదానికి తిప్పండమ్మా. నిండినదాన్ని రెండు ఎండాకాలాలు ముట్టుకోకండి. అప్పుడు తీసినారనుకో, మన్ను. తొందరపడి తీసినారనుకో, అది అదే."

"రెండు ఎండలా? ఆవకాయే అన్నాళ్ళుంచము కదరా బాబూ!" అంది అప్ప.

మేస్త్రి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం హాస్యానికి అనలేదు. మొదటి గొయ్యి నిండి, దారి తిప్పి, ఒక ఎండాకాలం గడిచిందో లేదో, నారు పోసే వేళకి గునపం పట్టుకుని మూత పక్కకి జరిపేసింది. నేను గిన్నెలు తోముతున్నదాన్ని పరుగెత్తాను.

"అప్పా, మేస్త్రి ఏటి సెప్పినాడు?"

"మేస్త్రి గోడలు కడతాడు. వంకాయలు కడతాడేటి?" అని చిటికెడు తీసి నా ముక్కు కింద పెట్టింది. "వాసనేది? సెప్పు. వస్తన్నాదేటి?"

నిజం చెప్పాలి, వాసన లేదు. నల్లగా, పొడిపొడిగా, వడగట్టి ఆరబెట్టిన టీ పొడిలా ఉంది. కానీ కిందటి వానలకి ఊట పైకొచ్చి, వాడుతున్న గోతిలోని నీళ్ళు ఈ గోతిలోకి దిగాయని నాకు అనుమానం. ఆ మాటే అన్నాను. పురుగు గుడ్డుకి వాసనుండదని కూడా అన్నాను. అంగన్‌వాడీలో చెప్పిన మాట అది, నా సొంతం కాదు. నేను చదివింది అయిదో తరగతి.

"ఇది మన ఇంటిది," అంది అప్ప, ఎదురు మాట లేనట్టు. "బయటోళ్ళదయితే ఒప్పుకుందును. మనం తిన్నది, మన కడుపులోది, మన పిల్లలది. మనది మనకి పడకపోడమేటి?"

ఇదీ ఆవిడ అసలు వాదన. దీన్ని నేను ఏ వైపునుంచి కొట్టినా పగల్లేదు. పసిబిడ్డ ఒళ్ళో దొడ్డికెళితే తల్లి అసహ్యించుకుంటుందా? ఇల్లంతా ఒకే రక్తం కదా, ఇంటి మలం ఇంటికి విషం ఎలా అవుతుంది? పురుగుకి చుట్టరికం తెలియదప్పా అంటే, "నీకు తెల్దు" అనేది. ఎన్నిసార్లు చెప్పినా అక్కడే ఆగేది. గోడకి చెప్పినా కొంచెం గుల్లబారేది.

పోనీ తవ్వితే తవ్వింది, ఒళ్ళు కాపాడుకోమని శ్రీకాకుళం వెళ్ళినప్పుడు మోచేతులదాకా వచ్చే రబ్బరు తొడుగులు, మోకాళ్ళదాకా వచ్చే బూట్లు కొని తెచ్చాను. అప్ప వాటిని అటూ ఇటూ తిప్పి చూసి "బాగున్నాయే" అని లోపల పెట్టింది. మర్నాడు పెరట్లో చూస్తే తొడుగులు దిష్టిబొమ్మ చేతులకి వేలాడుతున్నాయి. సముద్రపు గాలికి ఉబ్బి, ఆ బొమ్మ నాకేసి రెండు చేతులూ ఊపుతోంది, 'టాటా' చెబుతున్నట్టు. కాకులు భయపడ్డాయి, అంతవరకు నిజం. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

"ఏటప్పా ఇది? నీ కోసరం మోసుకొచ్చినాను."

అప్పుడు పార పక్కన పెట్టి కూర్చుంది. ఆవిడ కూర్చుని మాట్లాడితే అది వేళాకోళం కాదని అర్థం.

"మా తాత పట్నంలో ఇంటింటి దొడ్లూ ఎత్తినాడు. ఎరుగుదువా? బుట్ట నెత్తినెట్టుకుని ఎల్తంటే ఈదిలో అందరూ ముక్కు మూసుకునీవోరు. మా అయ్య ఆ పని ఒగ్గేసి, మిషనోళ్ళ దగ్గిర అచ్చరం ముక్క నేర్సుకుని, ఈ ఊరొచ్చి కూలి సేసినాడు. ఊరోళ్ళది ఎత్తినందుకు ఊరోళ్ళు ముక్కు మూసినారు. నా ఇంటిది నాను ఎత్తుకుంటే, నన్ను సూసి నానే ముక్కు మూసుకోవాలేటి?"

ఇంకొకడి చేత ఈ పని చేయించనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆవిడ. ఆ ఒట్టు మంచిదే. దాంతోపాటు చేతులకి తొడుగే అవమానమనే మొండితనం కూడా వచ్చి పడింది. రెంటినీ విడదీసి, ఇది ఉంచుకో, అది పారెయ్యి అని చెప్పడం నా తరం కాలేదు. ఎవరి తరమవుతుందో వాళ్ళు అప్పుడు మా ఊళ్ళో లేరు.

వానలు మొదలయ్యాక ఆవిడ కాలివేళ్ళ సందుల్లో ఎర్రగా పొక్కులు లేచి దురద పుట్టేది. ప్రతి ఏడూ అంతే. అరుగు మీద కూర్చుని కిరసనాయిలు రాసుకుంటూ "తడికి" అనేది. రాను రాను ముఖం పాలిపోయింది. ఒకప్పుడు చామనఛాయలో ఎరుపు కలిసిన ముఖం, మట్టిగోడకి వెల్ల వేసినట్టయింది. ఇసకలో మందిరందాకా నడవడానికి నడుమ మూడు చోట్ల ఆగేది, ఆగినచోటల్లా ఎవరినో పలకరించడానికి ఆగినట్టు నటించేది. ఎవరూ లేకపోతే మేకని పలకరించేది. వయసంది ఒకావిడ, దిష్టంది ఇంకొకావిడ. అప్ప రెండింటికీ తల ఊపింది. నేను పురుగులంటే మాత్రం పళ్ళు కొరికింది.

ఒకనాడు పాదుల మధ్యే ఒరిగిపోయింది. మా ఆయనా నేనూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మేనకోడలి వయసుంటుంది. అప్ప కింది రెప్ప లాగి చూసి, ఇంత తెల్లగా ఉందేమిటి అని, రక్తంతోపాటు విరేచనం కూడా పరీక్షకి కావాలంది. చేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా పెట్టింది.

అప్ప ఆ డబ్బాని చూసి, డాక్టరమ్మని చూసి, "ఏటమ్మా, నాను గంపల్తో ఎత్తుతాను, నువ్వు ఇంత సిన్న డబ్బీ ఇస్తన్నావు?" అంది. అంత నీరసంలోనూ వార్డంతా నవ్వించింది.

మర్నాడు డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. ఇవి కొంకి పురుగులు. మలంలో గుడ్లు ఉంటాయి, తడి మన్నులో పిల్లలవుతాయి, కంటికి ఆనవు. చెప్పుల్లేని పాదం దొరికితే చర్మంలోంచి లోపలికి దూరతాయి. పేగుకి పట్టుకుని రోజూ కొంచెం కొంచెం రక్తం తాగుతాయి. వేరే రకం పురుగుల గుడ్లు ఆకుకి, దుంపకి అంటుకుని, పచ్చిగా తింటే నోట్లోంచి వెళతాయి. అవి ఏళ్ళ తరబడి మన్నులో బతుకుతాయి. బాగా మాగకుండా ఆ మన్ను తియ్యకూడదు, తీసినా ఉత్త చేతుల్తో, ఉత్త కాళ్ళతో తాకకూడదు.

"కాల్లోంచి దూరతాదా?" అంది అప్ప. "నోరుండగా కాల్లోంచెందుకమ్మా? దొంగేటి?"

"దొంగే అమ్మమ్మా. అందుకే తెలీకుండా వెళుతుంది."

అప్ప దుప్పటి తొలగించి తన అరికాళ్ళు చూసుకుంది. గెలిచాననుకున్నాను. పురుగులకి మందు వేశారు, రక్తం పట్టడానికి రోజూ వేసుకునే మాత్రలిచ్చారు, రక్తం ఎక్కించారు. ఆ రక్తం మా ఆయన ఇచ్చింది. సీసా ఖాళీ అవుతుంటే పైకి చూస్తూ "మరిది రగతం ఎక్కుతన్నాది. ఇంక నాకూ సుట్ట కాల్సాలనిపిస్తాదేమో సూడవే" అంది.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు బుద్ధిగా ఉంది. పొద్దున్నే నా వాకిట్లోకి వచ్చి, వేలితో కింది రెప్ప లాగి, ముఖం వెలుతురుకి తిప్పి "ఎర్రగున్నాదేటి?" అని అడిగేది. "కొంచెం" అనేదాన్ని. "ఇప్పుడో?" "ఇంకొంచెం." ఓ రోజు నిజంగానే ఎర్రగా కనిపించింది. సంతోషం పట్టలేక "దానిమ్మ గింజలా ఉన్నాదప్పా!" అన్నాను. ఆ మాట విని నవ్వి, నేరుగా పెరట్లోకి వెళ్ళి, గట్టు మీద చెప్పులు విప్పింది.

నేనేం చెయ్యను? చెప్పండి. కాళ్ళు పట్టుకు లాగనా?

"డాక్టరమ్మ ఏటి సెప్పింది?"

"మందిచ్చింది, పురుగులు సచ్చినాయి. సచ్చినోటి కోసరం ఇంకా సెప్పులెందుకే?"

"మన్నులో ఉన్నాయి కదా ఇంకా!"

"నీ నోట్లో ఉన్నాయి," అంది. అని మళ్ళీ చిటికెడు మన్ను తీసి వాసన చూసింది.

మా ఇంట్లో మాత్రం ఆవిడ పండించింది ఉప్పునీళ్ళలో కడగనిదీ, ఉడకనిదీ నోటికి వెళ్ళేది కాదు. రాగులతో కాచిన చోడంబలిలోకి పచ్చి ఉల్లికాడ నంజుకోవడం మా ఆయనకి ప్రాణం. అదీ మాన్పించాను. దానికి అప్ప ఊరంతా చెప్పుకొచ్చింది, "మా తోటికోడలు మంచినీళ్ళు కూడా తాలింపేస్తాది" అని.

మా మందిరంలో ఏటా పంటల పండగ చేస్తాం. ఎవరి మొదటి పంట వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెడతారు. అప్ప ముల్లంగి కట్టకి ఎప్పుడూ పోటీయే. ఆ ఏడు కూడా తెచ్చింది. తెల్లగా, పిల్ల మోచేతుల్లా ఉన్నాయి. తెల్లచీర కట్టుకుని, ముందు వరసలో కూర్చుని, పాట పెరుగుతున్నకొద్దీ తల వంచుకుని నవ్వుకుంటోంది. పాట దక్కినావిడ మా వీధి చివరావిడే. అక్కడికక్కడే కట్ట విప్పి పిల్లలకి తలొకటి పంచబోయింది. ఒక పిల్ల నోరు తెరిచేసింది కూడా.

నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మెల్లిగానే అన్నాను, "పచ్చివి ఎట్టకమ్మా. కడిగి, ఉడకబెట్టి ఎట్టు."

"ఎందుకేటి?"

"ఎందుకో తరవాత సెప్తాను."

నేనెంత మెల్లిగా అన్నా అప్ప చెవిన పడింది. లేచి వచ్చి పిల్లల చేతుల్లోంచి ఒక్కొక్క ముల్లంగీ వెనక్కి తీసుకుంది. మళ్ళీ కట్ట కట్టింది. అందరూ చూస్తుండగా నా ముఖంలోకి చూసి, "నా పంటకి వంకెట్టినావు. దేవుడి ముందు," అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ కట్ట చంకలో పెట్టుకుని ఇసకలో ఒక్కతే వెళ్ళిపోయింది, ఈసారి ఎక్కడా ఆగకుండా.

ఆ పిల్లలు ఆరోజు పచ్చి ముల్లంగి తినలేదు. అది నాకు చాలు. ఇంకో వందమంది ముందైనా ఆ మాట అందును. కానీ అప్ప నాతో మాట్లాడ్డం మానేసింది. ఒకే నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటూ, నాకు చెప్పాల్సింది మా కోడిపెట్టకి చెప్పేది: "ఏటే, మీ యజమానురాలికి పొగ ఇటొస్తన్నాదని సెప్పు." నేనూ దాంతోనే చెప్పించేదాన్ని: "ఏటే, మందు ఏసుకుందేటో కనుక్కో." దానికి మాత్రం జవాబు వచ్చేది కాదు.

మాత్రలు ఆపేసింది. కాళ్ళు వాచాయి. ఈసారి పడిపోయినప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం చాలక ఎన్నో ఏళ్ళుగా గుండె కష్టపడి కొట్టుకుని అలిసిపోయిందని చెప్పారు. చెయ్యి పట్టుకుంటే గీరుకుపోయిన ఆ వేళ్ళు మంచులా ఉన్నాయి. నాతో నేరుగా మాట్లాడింది అప్పుడే.

"వంకాయలకి నీల్లు పోస్తన్నావా?"

"పోస్తన్నానప్పా."

"సెప్పులేసుకునేనా?"

"ఏసుకునే."

"ఓలమ్మ, దీని మొండితనం!" అని కళ్ళు మూసుకుంది. మొండితనం నాదట! ఆసుపత్రి అని కూడా చూడకుండా దెబ్బలాడాలనిపించింది. మర్నాటికి ఆవిడ లేదు.

ఆవిడ పేరున ఇంట్లో ప్రార్థన పెట్టిన ఆదరణ కూడిక రోజు వచ్చినవాళ్ళంతా ఆవిడ వంకాయల గురించే చెప్పుకున్నారు. ఏ జబ్బుతో పోయిందో ఒక్కరూ అనలేదు. గుండె అన్నారు, వయసన్నారు. భోజనాలయ్యాక వీధిలోని ఆడవాళ్ళు కొందరు పెరటి వైపు నుంచి వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తట్ట.

"అప్ప మన్ను కొంచెం ఇయ్యమ్మా. గొయ్యి నిండినాది కదా. దాని సెయ్యి పడిన మన్ను, మా పాదులకేసుకుంటాము."

మా బావగారు, అంటే అప్ప భర్త, నెమ్మదైన మనిషి. గునపం తీసుకుని లేచారు. "అదే ఉంటే ఇచ్చును కదమ్మా. ఇద్దాం," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు.

"వొద్దు బావా. అది మాగనేదు," అన్నాను.

"వాసన నేదు కదమ్మా," అంది ఒకావిడ, మూత మీద వంగి. ఆ వంగడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నేర్పాల్సినదల్లా నేర్పేసే పోయింది మహాతల్లి.

ఆ పూట అందరితో చెప్పాను. అప్ప రక్తం ఎవరు తాగారో, ఎక్కడినుంచి వచ్చారో, ఎలా దూరారో, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క వదలకుండా. విన్నారు. విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి వీధి చివరావిడ తట్ట చంకలో పెట్టుకుని, "ఇయ్యకపోతే ఇయ్యనని సెప్పమ్మా. సచ్చిన మనిసి మీదెందుకెడతావు?" అని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఆవిడ వెనకే.

మర్నాడు బావగారి చేత సిమెంటు తెప్పించి, ఆ గోతి మూత చుట్టూ నా చేత్తో నేనే మెత్తాను.

"ఎన్నాళ్ళమ్మా?" అన్నారాయన.

"రెండు ఎండలు పోనీ బావా. అప్పుడు మనమే తీద్దాం, బూట్లేసుకుని."

ఆయన గునపం తీసుకెళ్ళి ఇంట్లో మూల పెట్టేశారు. ఊళ్ళో మాత్రం నేను పిసినారిని, అప్ప బతికుండగా వంకలు పెట్టి, పోయాక మన్నంతా దాచుకున్నదాన్ని. అనుకోనీ. ఉదయం చెంబు పట్టుకుని అటు వెళ్ళినప్పుడల్లా ఆ సిమెంటు అంచు తడిమి చూస్తాను. అప్పే ఉంటే అది తడారకముందే గునపం దూర్చేది. నేను పరుగెత్తుకొచ్చి అరిచేదాన్ని, ఆవిడ అంతకి రెట్టింపు అరిచేది. ఇప్పుడది గట్టిగా ఉంటోంది. ఎక్కడా చిన్న బీటైనా లేదు.